లౌ మేస్త్రీ ఎంగిలిపడని బల్ల

యూ వారింట్లో లౌ జిన్‌గెన్ ఏనాడూ ఎంగిలిపడలేదు. తైహు సరస్సు ఒడ్డున, కొండ కింద ఉన్న మా సందులో ఇది అందరికీ తెలిసిన సంగతే. పాత బల్ల ఏదైనా బాగుచేయిస్తే, తొలి భోజనం ఆ బల్ల దగ్గరే వడ్రంగి మేస్త్రీకి పెట్టడం ఇక్కడి రివాజు. లౌ మిగతా ఇళ్ళన్నిట్లో తిన్నాడు. తిని, పంది మాంసం ఉడకలేదని సణిగాడు కూడా. యూ వారింటికి వచ్చేసరికి మాత్రం అతనికి కడుపునొప్పి. బల్ల అప్పగించిన రోజు మొదలైన నొప్పి ముప్పై ఏళ్ళు దాటినా తగ్గలేదు. జనం దాన్ని నిరాడంబరత అన్నారు. ఒక మనిషి మంచివాడని ఊరు తీర్మానించాక అతని కడుపునొప్పి కూడా సుగుణాల పద్దులో చేరిపోతుంది.

నేను ఆ సందులోనే పుట్టి, నాన్‌జింగ్‌లో చదువుకుని, తిరిగొచ్చి ఇక్కడి బడిలోనే చరిత్ర చెబుతున్నాను. లౌ గురించి ఎవరైనా రాస్తే ఎలా రాస్తారో నాకు తెలుసు. మట్టిలో మాణిక్యం, చేతిలో తరతరాల విద్య, పెదవిపై చిరునవ్వు. ఆ మూడింటిలో నిజం రెండోదొక్కటే, అది కూడా సగం. అతనికి విద్య తరతరాలుగా రాలేదు. తండ్రి పడవ నడిపేవాడు. కుర్రతనంలో ఊరి వడ్రంగుల సంఘంలో చేరినప్పుడు అతనికి అప్పగించిన తొలి పని చెక్కడం కాదు, చెక్కినవాటిని గీకెయ్యడం. పాతకాలపు మురికి పోవాలని నినాదాలు చేసే రోజులవి. జిట్రేగి జాతి గట్టి చెక్కతో చేసిన బల్లల్ని వరసగా తెచ్చి పడేసేవారు. వాటి మీది డ్రాగన్లనీ, గబ్బిలాలనీ, మబ్బుల చుట్లనీ లౌ ఉలితో నున్నగా లేపేసేవాడు. కాలం తిరగబడ్డాక అవే బల్లలు మళ్ళీ అతని దగ్గరికే వచ్చాయి, పోయిన డ్రాగన్లని తిరిగి చెక్కమని. “గీకడానికీ అంతే కూలి, చెక్కడానికీ అంతే కూలి” అనేవాడు. ఎక్కడ ఎంత లోతు గీకాడో గుర్తుంది కాబట్టే అంత బాగా చెక్కగలిగాడని నా నమ్మకం.

యూ వారి బల్ల గీకుడు తప్పించుకున్న వాటిలో ఒకటి. ఎనిమిదిమంది చుట్టూ కూర్చునే చదరం బల్ల. గుర్రపు డెక్కల్లాంటి పాదాలు. ముందువైపు పట్టీ మీద కొమ్ముల్లేని డ్రాగన్లు రెండు ఎదురెదురుగా, తోకలు తీగలై పక్కలకి పాకుతూ, వాటి మధ్య అమృతపు పుట్టగొడుగు. రెండు పక్కలా ఉత్త మబ్బుచుట్లు. వెనక ఏమీ లేదు, నున్న చెక్క. విందులకి ముందుకి జరిపినప్పుడు తప్ప వెనకవైపు పూజబల్లకి ఆనుకుని ఉంటుంది కాబట్టి అటు చెక్కించడం దండగని ఆనాటి యజమాని లెక్క. యూ వారి పెద్దావిడ, అంటే ఇప్పుడా ఇంట్లో ఉంటున్న షియెన్‌దీకి అత్తగారు, ఆ చెడ్డ రోజుల్లో డ్రాగన్ల మీద సున్నం మెత్తి, బల్లని పందుల కొట్టంలో వేసి, దాని మీద దాణా తరిగించింది. అలా చెక్కడం బతికింది, పైపలక మాత్రం కత్తిగాట్లతో మొత్తం పాడైంది.

షియెన్‌దీ కొత్త కోడలిగా ఉండగా ఆ బల్లని బాగుచేయమని లౌకి పంపారు. ఆమెకి అప్పుడే కొడుకు పుట్టాడు. బిడ్డకి నెల నిండిన విందు దాని మీదే పెట్టాలని అత్తగారి పంతం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు చదరం బల్లకి నాలుగు దిక్కులూ ఒకటి కాదు. పైన పలకలు కలిసిన అతుకులు, గుమ్మానికి ఎదురుగా పెద్దపీట మీద కూర్చున్నవాడికి అడ్డంగా పోవాలి. నిలువుగా, గుమ్మంలోంచి గుండెకేసి వస్తే అది చచ్చినవాళ్ళ బల్ల. పితరులకి వడ్డించే రోజుల్లో మాత్రమే బల్లని పావు చుట్టు తిప్పి అతుకుల్ని నిలువు చేస్తారు. ఆ గీతల వెంట వాళ్ళు లోపలికొచ్చి కూర్చుంటారట. వాళ్ళ భోజనం కాగానే బల్లని మళ్ళీ తిప్పేస్తారు, లేకపోతే పోయినవాళ్ళు పోరని భయం. లక్కపూత మందంగా వేసిన బల్లల మీద అతుకులు కనిపించవు. అప్పుడు చెక్కడమే గుర్తు. డ్రాగన్లు గుమ్మంకేసి చూస్తుంటే బతికున్నవాళ్ళ బల్ల, పక్కకి చూస్తుంటే పితరులది. నాకు ఇందులో నమ్మకం లేదు. నమ్మకం లేని నేను కూడా మా ఇంట్లో బల్లని ఏనాడూ నిలువుగా వేసుకుని తినలేదు.

లౌ పైపలకని చట్రంతో సహా ఊడదీసి, చిత్రిక పట్టి, వేడి సున్నపుతేటతో బల్లనంతా కడిగాడు. ఆ కడుగుడులో ఏ వైపు ముందో తెలియడానికి అడుగున తనే పెట్టుకున్న సిరా గుర్తు పోయింది. తిరిగి పైభాగాన్ని కాళ్ళ మీద కూర్చోబెట్టబోతే కూర్చోలేదు. కాలి చివర నాలుకల్లాంటి కుసులు రెండుంటాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చట్రంలో వాటి బెజ్జాలూ అలాగే ఉంటాయి. అందుకే చదరం బల్ల ఎటు తిప్పినా ఒకేలా కనిపించినా, తల, అంటే పైభాగం, మాత్రం సరైన వాటంలోనే దిగుతుంది. దిగడం లేదంటే బల్ల వద్దంటోందన్నమాట. లౌకి అప్పుడు మంచి పేరొచ్చిన వయసు. తనకంటే ముందు ఎవడో చవట మేస్త్రీ కాళ్ళ మీద చెయ్యి చేసుకున్నాడని తేల్చేశాడు. పొడుగు కుసుల్ని ఉలితో తరిగాడు, పొట్టి బెజ్జాల్ని తొలిచాడు, కొడతితో నాలుగు దెబ్బలు వేశాడు. తల కూర్చుంది. దాని మీద లక్క పొరలు పొరలుగా వేశాడు. అద్దంలా మెరిసింది.

విందు రోజు తనే దగ్గరుండి బల్లని నడిమింట్లో వేయించాడు. డ్రాగన్లు గుమ్మంకేసి. ఒక పాదం కొంచెం ఊగుతుంటే చిన్న చెక్క పెట్టడానికి కింద దూరాడు. అడుగున లక్క ఉండదు. తలెత్తి చూస్తే పలకల అతుకులు గుమ్మం నుంచి పెద్దపీట దాకా తిన్నగా, నిలువుగా పోతున్నాయి. బల్ల తలని తనే పావు చుట్టు తప్పుగా దించాడు.

అప్పటికే చుట్టాలు చెప్పులు విడుస్తున్నారు. ఎర్రగుడ్డలో చుట్టిన పిల్లాణ్ణి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. “మేస్త్రీని పెద్దపీట మీద కూర్చోబెట్టండర్రా!” అని అత్తగారు కేకేసింది. లౌ బల్ల కిందనుంచి బయటికొచ్చి, కడుపు పట్టుకుని, నొప్పిగా ఉందన్నాడు.

రేపు చెబుదామనుకున్నాడు. రేపులు చాలా వచ్చాయి. సరిచెయ్యాలంటే నాలుగు కాళ్ళకీ కొత్త కుసులు అతకాలి, ఎందుకు అతుకుతున్నాడో చెప్పాలి. పిల్లాడు, వెన్‌బిన్, పాకాడు, నడిచాడు, బళ్ళో చేరాడు. చేరిన ఏడే, లోక్వాట్ పళ్ళ బుట్టలు పడవలకెక్కించే రేవులో కాలు జారి సరస్సులో పడ్డాడు. ప్రాణం పోయాక వాణ్ణి బయటికి తీసినవాళ్ళలో లౌ కూడా ఉన్నాడు. ఆ తర్వాత చెప్పడానికి నోరెక్కడిది?

ఇదంతా నాకు పోయిన చలికాలం దాకా తెలియదు. ఆ ఏడు వాన లేదు. నాన్చి చంపే మా చలి కూడా పొడిబారిపోయింది. షియెన్‌దీకి సుజౌలో ఉండే కూతురు గది వేడిచేసే యంత్రం కొనిపెట్టింది. వేడికి యూ వారి బల్ల మీద లక్క చీలింది. ఆవిడ లౌకి కబురుపెట్టింది, బల్ల మీద పగుళ్ళొచ్చాయి, వచ్చి పూడ్చిపొమ్మని.

నేను అప్పుడు లౌ కొట్లో టీ తాగుతున్నాను. అతని భార్య అఫెంగ్ గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కబురు విని లౌ చేతిలో ఉలి కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“ఎన్ని పగుళ్ళట?” అన్నాడు.

“నాకేం తెలుసు, నువ్వు వెళ్ళి చూసుకో” అంది అఫెంగ్. “పంతులూ, మీ బాబాయి కడుపునొప్పికి సుజౌ పెద్ద డాక్టర్లు మందు కనుక్కోలేకపోయారు. ఇవాళ దానంతటదే బయటపడేలా ఉంది.”

“నోర్ముయ్యవే.”

“నేను మూసుకునే ఉన్నాను, ఇన్నేళ్ళూ. తెరవాల్సింది నువ్వా కాదా అనేది చూసుకో.”

అప్పుడు లౌ చెప్పాడు. తల ఎత్తకుండా, కుసులు తరిగిన సంగతి నుంచి రేవు దాకా. విన్నాక నాకు ఒళ్ళు మండింది, అతని మీద కాదు.

“బాబాయ్, పిల్లాణ్ణి తీసుకుపోయింది సరస్సు. రేవుకి కమ్మీ లేదు. కొండ మీద చూడచక్కని మంటపం కట్టించినవాళ్ళకి రేవులో నాలుగు కర్రలు పాతించాలన్న బుద్ధి లేకపోయింది. చెక్కకేం తెలుసు?”

“అవును పంతులూ. నువ్వన్నది సబబే.”

“మరి?”

“మరేముంది. సబబే అంటున్నాగా.”

సబబైన మాట విని కుదుటపడే మనిషైతే ముప్పై ఏళ్ళు ఆకలితో లేచిపోడు. అతని బాధలో సగం డ్రాగన్లదీ అతుకులదీ, దాన్ని నేను కొట్టిపారెయ్యగలను. మిగతా సగం అలా కాదు. బల్ల వద్దన్నా వినకుండా ఉలి పెట్టాడు, తెలిసీ నోరు మూసుకున్నాడు.

“ఇప్పుడైనా చెప్పేస్తా” అన్నాడు లౌ.

అఫెంగ్ బఠాణీల చేట పక్కన పెట్టింది. “ఆవిడ పగుళ్ళంటోందిగా? పగుళ్ళే అను. పూడ్చిరా. ఆ తల్లి ఒకసారి పిల్లాణ్ణి పాతిపెట్టుకుంది. నీ గుండె తేలికపడ్డానికి మళ్ళీ తవ్విస్తావా? మోసింది మోసావు, ఇంకో పదేళ్ళు మొయ్యి. చచ్చేటప్పుడు నీతోపాటే పోతుంది.”

నిజం చెబితే మనసు శుభ్రమవుతుందని మా బడి గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గోడ పక్కనే ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నాను, ఆ మాట నాకెప్పుడూ నచ్చలేదు. శుభ్రమయ్యేది చెప్పినవాడి మనసు. ఆ తుడిచిన మురికి విన్నవాడి ఇంట్లో పడుతుంది. నేను అఫెంగ్ పక్షమే వహించాను. లౌ లేచాడు. లక్క డబ్బా, పూడ్చే పిండి, సన్న కుంచె సంచిలో వేసుకున్నాడు. మోకాళ్ళు బాగోలేవని సంచి నాకిచ్చాడు.

షియెన్‌దీ వంటింట్లోంచే అరిచింది. “వచ్చావా మేస్త్రీ? కబురు పంపి ఎంతసేపైంది, నీ బల్ల నన్ను చూసి నోరు తెరిచింది. పంతులు కూడా వచ్చాడే! పగుళ్ళకి పాఠం చెబుతాడా?”

నడిమింట్లో డ్రాగన్లు ఎప్పటిలాగే గుమ్మంకేసి చూస్తున్నాయి. నల్లటి మెరుపు మీద సన్నటి గీతలు గుమ్మం నుంచి పెద్దపీటదాకా, తాడు పెట్టి కొట్టినట్టు తిన్నగా. వాటిని పగుళ్ళనుకోవడానికి మంచి మనసు ఉండాలి. లేదా ముప్పై ఏళ్ళ అలవాటు.

లౌ పిండి కలిపాడు. మోకాళ్ళ మీద కూర్చోబోయి ఆగాడు. పెద్దపీట ముందు, గీతలు ఆగిన చోట, ఒక చిన్న గిన్నె ఉంది. ఎర్ర చేపల బొమ్మలున్న పిల్లల గిన్నె, అంచు పెచ్చులూడింది. అందులో వేడన్నం ఆవిర్లు కక్కుతోంది.

“ఉండు, అది తియ్యనీ” అంటూ షియెన్‌దీ వచ్చింది. “లక్క వాసన పడుతుంది.”

“ఎవరిది వదినా?”

“ఎవరిదంటావేం? వాడిదే.”

“రోజూ పెడతావా?”

“సందులో అందరికీ తెలుసు, తిట్టడం కూడా అయిపోయింది. పోయినవాళ్ళకి పండగలకి పెట్టాలి, రోజూ పెడితే పోరు అంటారు. పోకపోతే పోకపోనీ, ఎవరింట్లో ఉంటున్నాడు? నువ్వు ఏనాడూ భోజనానికి ఆగవు, నీకెలా తెలుస్తుంది?” గిన్నె చేతిలోకి తీసుకుంది. “నా బాధల్లా ఒకటే. ఇది బతికున్నవాళ్ళ బల్ల కదా. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. వాడికి అందుతుందో లేదో.”

లౌ చేతిలో కుంచె ఉంది. గీత మీద పెట్టడమే తరువాయి. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను, వద్దని చెప్పడానికి. అతను నా చెయ్యి తీసేశాడు.

“అవి పగుళ్ళు కాదు వదినా” అన్నాడు. “అతుకులు. నేనే తలతిప్పి పెట్టాను.”

అంతా చెప్పాడు. కుసుల సంగతీ, నెల విందు సంగతీ, ఏదీ దాచకుండా. ఆవిడ గిన్నె పట్టుకునే నిలబడి వింది. చివరికి బల్ల దగ్గరికొచ్చి, చూపుడువేలు గుమ్మం వైపు అంచున పెట్టి, ఒక గీత వెంట మెల్లగా పెద్దపీట దాకా లాక్కొచ్చింది.

“అయితే వాడికి అందిందన్నమాట” అంది.

చరిత్ర పాఠాలు చెప్పే నాకు ఆ క్షణంలో అందలేదని చెప్పే దమ్ము లేకపోయింది.

తర్వాత ఆవిడకి ఇంకో లెక్క తట్టింది. “పితరుల రోజుల్లో డ్రాగన్లని పక్కకి తిప్పేవాళ్ళం. అంటే అప్పుడు అతుకులు అడ్డం. మా అత్తకి అన్నం అందలేదా?”

“లేదు వదినా.”

“పోనీలే. బతికున్నప్పుడు నాకు కడుపునిండా పెట్టిందా ఏమన్నా!” నవ్వింది. ఆ నవ్వు సగంలో తెగిపోయింది. ఇప్పుడు ఆవిడ చూపు పలక మధ్యకి పోయింది, ఎర్రగుడ్డలో పిల్లాణ్ణి పడుకోబెట్టిన చోటికి.

“నెలలపిల్లాణ్ణి దీని మీద పడుకోబెట్టాను. నువ్వు కింద ఉన్నావు. చూస్తున్నావు.”

లౌ కుంచె కింద పెట్టాడు.

“అమ్మా, వాణ్ణి తియ్యి అని ఒక్క మాట అనలేకపోయావు. పీకల్దాకా వచ్చి ఉండాలే! కడుపునొప్పన్నావు. నేను అల్లం నీళ్ళు కాచి ఇచ్చాను నీకు, బాలింతని, లేచొచ్చి.”

“ఇచ్చావు.”

“తాగావా?”

“తాగాను.”

“చవట” అంది. పెద్దగా కాదు. ఆ మాట తనకంటే ముందటి మేస్త్రీకి లౌ పెట్టిన పేరే అని ఆవిడకి తెలియదు.

లౌ సంచి దగ్గరికి జరిగాడు. “తీసుకెళ్ళి కాళ్ళకి కొత్త కుసులు వేసి, తల సరిగ్గా తిప్పి తెస్తాను. చలి పోయేలోపు అయిపోతుంది. నన్ను క్షమించమని అడగను...”

“అడక్కు. ఎవరు క్షమించారు నిన్ను?” గిన్నె తెచ్చి మళ్ళీ గీతలు ఆగిన చోటే పెట్టింది. “బల్ల మీద చెయ్యెయ్యకు. తిప్పనూ వద్దు, పూడ్చనూ వద్దు. వాడికి దారి తెలిసింది. మళ్ళీ మార్చి వాణ్ణి వెతుక్కోమంటావా? కూర్చో.”

“వదినా?”

“కూర్చో అంటున్నాను. పంతులూ, నువ్వూను. ఇవాళ కడుపునొప్పంటే కొడతాను.”

లౌ గుమ్మం వైపు పీట లాగాడు, అతుకులు మొదలయ్యే చోట. తనకి తగిన చోటు అదేననుకున్నాడు కాబోలు.

“అటు కాదు. అది వాడొచ్చే దారి. ఈ పక్కకి రా.”

పక్కకి వచ్చి కూర్చున్నాడు. అక్కడినుంచి చూస్తే అతుకులు అతనికి అడ్డంగానే ఉన్నాయి, బతికున్నవాళ్ళకి ఉండవలసినట్టు. ఆవిడ ఎదుటి పక్కన కూర్చుంది. నేను అతని పక్కన సర్దుకున్నాను. గుమ్మం వైపు ఖాళీగా వదిలేశాం. ఉప్పుమాంసం, వెదురుమొలకల పులుసు కుండతో సహా తెచ్చి మధ్యలో పెట్టింది. లౌ గిన్నెలో మాంసం ముక్క వేసింది, అదీ ఎంచి మరీ కొవ్వున్నది.

అతను తినే పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగుడుపడ్డం కష్టమైన మాట నిజమే, అయినా మింగాడు. ఇంకో ముద్ద.

మొహం తేలికపడిందేమోనని నేను చూశాను. అబ్బే. ఆవిడ తిట్టి తరిమేస్తే ఆ రాత్రి నిద్రపోయేవాడేమో. పులుసు పోసేసరికి ఉన్న బరువు మీద ఇంకో బరువు పడింది.

“ఉప్పు సరిపోయిందా?” అంది షియెన్‌దీ.

“సరిపోయింది వదినా.”

ఆవిడ గరిటె కుండలో వదిలేసి అతనికేసి సూటిగా చూసింది. “ఎక్కువైంది. వండినదాన్ని, నాకు తెలుసు. ఈ బల్ల దగ్గర కూర్చుని ఇంకా అబద్ధమేనా, మేస్త్రీ?”

లౌ గిన్నెలోకి చూశాడు.

“ఎక్కువైంది వదినా” అన్నాడు. “చాలా ఎక్కువైంది.”

అని, మిగిలింది తిన్నాడు.